చావు దగ్గర ఆపని పాఠం

పోర్చుగీసు సాహిత్యం చదువుకోవాలంటే ఎవరైనా లిస్బన్ పోతారు, అంత శక్తి లేకపోతే గోవా పోతారు. నేను నెల్లూరులో మైపాడు బస్సెక్కాను. ఆ బస్సు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ రెండేళ్ళూ నా కోపంలో సగం దాని మీదే ఖర్చయింది. పొద్దున చేపల గంపలు మోసుకొచ్చిన బస్సే మధ్యాహ్నం మనుషుల్ని తీసుకెళ్ళేది. సీట్ల మీద పొలుసులుండేవి. నా వ్యాకరణం పుస్తకానికి పట్టిన నీచు వాసన ఎన్ని ఎండల్లో పెట్టినా వదల్లేదు. మా అమ్మ ఆ పుస్తకాన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు.

గోవా మన దేశంలో కలిసిన మరుసటి ఏడాది పేపర్లో ఒక ప్రకటన పడింది. అక్కడి రికార్డులన్నీ పోర్చుగీసులో ఉన్నాయి, తర్జుమా చేసేవాళ్ళు కావాలి. పరీక్ష రెండుసార్లకు మించి రాయనివ్వరు. వ్యాకరణం, అనువాదం, ఆ పైన పంతొమ్మిదో శతాబ్దపు సాహిత్యం, రొమాంటిసిజం నుంచి నేచురలిజం దాకా. కొబ్బరితోటల దస్తావేజులు తర్జుమా చేసే మనిషికి రొమాంటిసిజం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా దరఖాస్తు పెట్టాను. బి.ఏ. పాసై రెండేళ్ళుగా ఇంట్లో కూర్చుని ఉన్నాను. కొడవలూరులో రైసుమిల్లున్న ఒక సంబంధం అప్పటికే మా వసారాలో రెండుసార్లు కాఫీ తాగి వెళ్ళింది. మా నాన్న ఒకటే మాట అన్నాడు.

"రెండుసార్లూ రాసుకో. రాకపోతే మాత్రం ఇంక మాట్లాడబాక, మిల్లుకి సరేనని చెప్పేస్తా."

రైసుమిల్లు మీద నాకు పగేమీ లేదు. కానీ ఆ వచ్చిన పెద్దమనిషి రెండుసార్లూ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, వేకువనే లేచే అలవాటుందా అని. ఆ ఇంట్లో జీవితాంతం వేకువనే లేవడం నావల్ల కాదని నాకు ఖాయంగా తెలుసు. కాబట్టి పరీక్ష పాసవ్వాలి. వేరే దారి లేదు.

గురువుని చూపించింది మా వీధికి చేపలు తెచ్చే ఆమె. నేను వసారాలో కూర్చుని నోరు తిరగని క్రియలు వల్లె వేస్తుంటే ఆమె గంప దించి కాసేపు విని నవ్వింది.

"మా ఊళ్ళో గోవా తాత కూడా ఇట్టే గొణుగుతుంటాడు మా. పెట్టె నిండా ఆ దొరల బుక్కులే. పొద్దుగూకులూ ఇంటిదానికి చదివి ఇనిపిస్తా కూసుంటాడు."

అలా ఆయన దొరికాడు. పెళ్ళయిన రెండో ఏడాదే ఊరు విడిచి, ఓడల మీద తిరిగి, చివరికి గోవాలో ఒక పోర్చుగీసు జడ్జీ ఇంట్లో వంటపనికి కుదిరాడట. జడ్జీ పోయాక దొరసానికి చూపు తగ్గింది. ఈయనకు అక్షరాలు నేర్పించి సాయంత్రాలు నవలలు చదివించుకునేది. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. దొరసాని పోతూ పోతూ నవలల పెట్టె ఈయనకిచ్చింది. దాన్ని మోసుకుని మైపాడుకు తిరిగొచ్చేసరికి ఈయన విడిచిపోయిన భార్యకు తల నెరిసిపోయింది. ఆమెను నేను అవ్వా అనేదాన్ని. ఆమె గుమ్మంలో కూర్చుని ఎండిన నెత్తళ్ళు ఏరుతూ ఆయన చదువు వినేది. చిన్న చేపలవి, ఇసుక, గడ్డిపోచలు తీసి గంపలో వేసుకునేది. చేతులు ఆగేవి కావు, చెవులు మాత్రం ఇటే ఉండేవి.

తాత పాఠం చెప్పే పద్ధతి చూసి మొదటి రోజే నాకు తల తిరిగింది. కాళ్ళు కడుక్కుని రావాలి. పుస్తకం నేల మీద పెట్టకూడదు. పాత పడవ చెక్కతో తనే చేసుకున్న వ్యాసపీఠం ఒకటుండేది, దాని మీద పెట్టేవాడు. పుస్తకం మీద ఆయన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఉప్పుగాలికి కాగితం అప్పడంలా విరుగుతుందని ఆయన భయం. నాలుగైదు వాక్యాలు పోర్చుగీసులో గబగబా చదివేవాడు, తర్వాత తెలుగులో అర్థం చెప్పేవాడు. చిన్నతనంలో వాళ్ళ రామమందిరంలో భారతం అలాగే చదివేవారట, ఒకరు పద్యం చదివితే ఒకరు అర్థం చెప్పడం. ఇక్కడ ఇద్దరి పనీ ఆయనే చేసేవాడు. కంటితో చూస్తే పోర్చుగీసు నాకు సగం అర్థమయ్యేది, చెవితో వింటే ముక్క కూడా అర్థమయ్యేది కాదు. కాబట్టి చదివేటప్పుడు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుని, అర్థం మొదలుపెట్టగానే రాసుకునేదాన్ని. చాలా తెలివైన పని చేస్తున్నాననే అనుకున్నాను.

ముందు రొమాంటిక్ నవల మొదలుపెట్టాం. ఉత్తరాన కొండల్లో ఒక జమీందారు కూతురు. ఆమె ప్రేమించిన వాడు డబ్బు సంపాదించుకొస్తానని బ్రెజిల్ ఓడ ఎక్కుతాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడుతుంది. నూట యాభై పేజీలు నిలబడుతుంది. మధ్యలో దగ్గుతుంది, మూర్ఛపోతుంది, లేచి మళ్ళీ కిటికీ దగ్గరికే పోతుంది. ఆ ఇంట్లో ఒక్కరైనా ఆ పిల్లను పట్టుకొచ్చి ఇంత తినిపించి పడుకోబెట్టరేమని నాకు ఒళ్ళు మండిపోయేది. పైగా చుట్టూ అందరూ చచ్చిపోతుంటారు. తల్లి పోతుంది. ఏడుపు ఆగకముందే మేనత్త మంచం పడుతుంది.

ఆరింటికి చివరి బస్సు. ఒకరోజు దాని హారన్ వినిపించగానే నేను పుస్తకాలు సర్దుకున్నాను.

"తాతా, ఇక్కడికి ఆపుదాం. బస్సొచ్చేసింది."

ఆయన నన్ను చూసిన చూపుకు నేను మళ్ళీ కూర్చున్నాను.

"ఆడ ఆ పిల్ల తల్లి పాడె మీద ఉండాది, ఈడ నువ్వు బస్సంటావా? చావు కాడ పుస్తకం ముయ్యకూడదు మా. ఇంటికి మంచిది కాదు. మంచి మాట వచ్చిందాకా పోదాం."

ఆ నవలలో మంచి మాట ఎక్కడ రావాలి? శవం లేచింది, కర్మకాండలయ్యాయి, తండ్రి గుడ్డివాడయ్యాడు. ఎట్టకేలకు ఎవరింట్లోనో ఆవు ఈనింది. "ఆఁ, ఈడ ఆపుదాం" అని ఆయన పుస్తకం కళ్ళకద్దుకుని మూశాడు. బస్సు పోయింది. ఎద్దులబండి మీద ఇందుకూరుపేట దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఎరువుల లారీలో ఊరు చేరాను. మా నాన్న బస్టాండులో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ నెలలో నాలుగుసార్లు అలాగే జరిగింది. రొమాంటిసిజం అంటే ఏమిటని ఎవరైనా అప్పుడు నన్నడిగి ఉంటే, బస్సు తప్పిపోవడం అని చెప్పేదాన్ని.

చిత్రమేమిటంటే నవల చివర్లో అంతా సర్దుకుంది. ఓడ వచ్చింది. వాడు దిగాడు. పిల్ల దగ్గు తగ్గింది. పెళ్ళయింది, ఊరంతా భోజనాలు చేశారు. అవ్వ ఏరుతున్న గంప పక్కకు జరిపి "అమ్మయ్య" అంది. నేనూ రాసుకున్నాను.

తర్వాత నేచురలిస్టు నవల. ఇది ఇంకో రకం హింస. లిస్బన్‌లో నది ఒడ్డున బట్టలుతికే ఒకామె, ఓడ పనికి పోయిన మొగుడు. కథ కదలదు. రచయిత మురిక్కాలువ వాసన మూడు పేజీలు రాస్తాడు. ఆమె తాత తాగుబోతు, తండ్రి తాగుబోతు, కాబట్టి ఆమె పిల్లాడి చెవులు ఎలా ఉంటాయో రెండు పేజీలు. మా గోవా తాతకు ఆపడానికి మంచి మాట దొరకక నా ప్రాణం మీదికొచ్చేది. కొన్నాళ్ళకు ఆయనే ఏదో ఒకటి దొరికించుకోవడం మొదలుపెట్టాడు. రోజూ బస్సు టైముకు ఎవరో ఒకరు ఆ ఉతికే ఆమెకు రొట్టె తెచ్చి ఇచ్చేవారు. చివరికి మొగుడు తిరిగొచ్చాడు, తాగుడు మానేశాడు, ఇద్దరూ కలిసి సబ్బుల కొట్టు పెట్టారు.

నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. మురిక్కాలువని అంత శ్రద్ధగా కొలిచిన మనిషి చివర్న సబ్బుల కొట్టు పెట్టించడం ఏమిటనుకున్నాను. కానీ బి.ఏ. చదివినదాన్ని కదా, అనుమానాన్ని సిద్ధాంతం చేసేశాను. పోర్చుగీసు నేచురలిజంలో వేరే దేశాల వాళ్ళకు లేని ఆశావాదం ఒకటుందని, దానికి మూలాలు రొమాంటిసిజంలోనే ఉన్నాయని ఇరవై పేజీల వ్యాసం తయారుచేసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మద్రాసులో పరీక్ష. రాతపరీక్షలు గట్టెక్కాను. మౌఖిక పరీక్షలో ఇద్దరు కూర్చున్నారు, ఒకాయన తెల్లజుట్టు గోవా ఆయన. ఆ నవలలు రెండూ కంఠతా వచ్చినవాడిలా కనిపించాడు. రెండో నవల ఎలా ముగుస్తుందో ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నేను ఉత్సాహంగా సబ్బుల కొట్టు పెట్టించాను.

"ఇది ఏ ప్రతిలో ఉందమ్మా?" అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పక్కాయన మాత్రం రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఉతికే ఆమె మొగుడి తన్నులకు ఆస్పత్రిలో చచ్చిపోతుందనీ, బ్రెజిల్ వెళ్ళినవాడు ఎన్నటికీ తిరిగి రాడనీ, జమీందారు కూతురు కిటికీ దగ్గరే ప్రాణం విడుస్తుందనీ ఆయన నాకు మెల్లగా, ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపిక నన్ను ఇంకా చంపింది.

తప్పాను. ఇంక ఒక్కసారే మిగిలింది. నెల్లూరులో రైలు దిగి ఇంటికి కూడా పోకుండా మైపాడు బస్సెక్కాను. దారి పొడుగునా తిట్లు కూడబలుక్కున్నాను.

"అబద్ధాలు చెప్పి నా కొంప ముంచారు గదా తాతా!" అన్నాను వాకిట్లోంచే.

ఆయన అదిరిపోయాడు. సంగతంతా విని, ఇంకా అర్థం కానట్టు చూశాడు.

"నేనేం అబద్ధం చెప్పినా మా? బుక్కులో ఉండేది ఉన్నట్టే చదివినా. అక్షరం వదల్లా. అర్థం మా ఇంటిదానికి చెప్పినా. ఆ భాష వచ్చు, పరీక్షకు పోతుండానని చెప్పింది నువ్వే గదా?"

నిజమే. ఆ పిల్ల చచ్చిపోయిన సంగతి నా ముందే, గట్టిగా, చక్కటి ఉచ్చారణతో చదివాడు. నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను. అయినా ఊరుకోలేదు.

"సబ్బుల కొట్టు ఎక్కడిది?"

"అది మంగళం మా. కత అయినాక మంగళం పాడరా? అది కతలో లెక్కా? యాడన్నా ఇనలేదా నువ్వు?"

వినలేదు. మా ఇంట్లో పురాణం చదివే అలవాటే లేదు. మా నాన్న చదివేది పేపరు, అందులో చావులు చావుల్లాగే ఉంటాయి. మైపాడులో ఏ ముసలమ్మకైనా తెలిసిన సంగతి తెలియక నేను ఒక మంగళాన్ని పట్టుకుని సాహిత్య సిద్ధాంతం కట్టాను. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ రోజు అక్కడే కూలబడి ఏడ్చాను. అవ్వ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఈసారి ముగింపులు ఉన్నవి ఉన్నట్టు, తెలుగులో కూడా, చెప్పాలన్నాను. లేదా పుస్తకం నా చేతికివ్వాలన్నాను. ఆయన సరేనన్నాడు గానీ రోజుకో సాకు. నన్ను పక్కకు పిలిచి, "ఆమె లేనప్పుడు చదువుకుందాం" అనేవాడు. అవ్వ లేనిదెప్పుడు? ఆ ఇంటికున్నది ఒకటే గది, ఒకటే గుమ్మం. ఆ గుమ్మంలో ఆమె. పరీక్షకు ఇంక నెల కూడా లేదు. ఒక సాయంత్రం నా ముందే ఆమెను బయటికి పంపడానికి ఆయన నానా తంటాలు పడ్డాడు.

"నెత్తళ్ళు ఎండినయ్యేమో చూసిరా పో."

"చూసినా."

"నీళ్ళు తెచ్చినావా?"

"తెచ్చినా."

"పక్కింట్లో పిలస్తుండారు."

"ఎవరూ పిలవడంలా. ఆ పిల్లకి పరీక్ష ఉండాది, నువ్వు చదువు" అంది అవ్వ, తల ఎత్తకుండా.

చదివాడు. మొదటి నవల చివరి అధ్యాయం. ఓడ వచ్చింది, అందులో వాడు లేడు. తెలుగులో అర్థం చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎప్పటిలా సాగలేదు. ఒక్కో మాటా చెప్పి ఆగి అవ్వ వైపు చూసేవాడు. ఆమె ఏరుకుంటూనే ఉంది. పిల్ల చచ్చిపోయింది. తాత పుస్తకం మూశాడు, ఏ మంగళమూ లేకుండా. రెండో నవల చివరి అధ్యాయం తెరిచి పది వాక్యాలు చదివాడో లేదో, చటుక్కున లేచి పుస్తకం నా ఒళ్ళో పెట్టేశాడు.

"నువ్వే చదువు మా. నాకు కళ్ళు సరిగ్గా ఆనడంలా" అని సముద్రం వైపు వెళ్ళిపోయాడు.

ఎన్నాళ్ళుగానో అడుగుతున్న పుస్తకం నా చేతికొచ్చింది. మిగిలిన పదకొండు పేజీలు నేనే చదివి, నేనే తెలుగులో చెప్పాను. పోర్చుగీసు నవల సొంతంగా చదవడం నాకదే మొదటిసారి. గర్వపడే తీరికెక్కడిది? ఉతికే ఆమె మొగుడు ఓడ దిగి ఇంటికొస్తాడు. ఆమె పరిగెత్తి తలుపు తీస్తుంది. అక్కణ్ణుంచి ఆ పదకొండు పేజీలూ చదవడం చాలా కష్టమైంది, భాష వల్ల కాదు.

అయిపోయాక అవ్వ చేతులు దులుపుకుంది.

"ఆ పిల్ల వాడు రాలేదని చచ్చిపోయింది. దీని మొగుడు వచ్చినాడు, అయినా చచ్చిపోయింది" అంది. గంప దగ్గరికి లాక్కుంది. "రాకముందు ఎట్టుంటాదో వాళ్ళు రాసినారు. వచ్చినాక ఎట్టుంటాదో ఈళ్ళు రాసినారు. అంతే గదా మా?"

నేను పుస్తకం మూసి వ్యాసపీఠం మీద పెట్టాను.

"నేను రెండూ చూసినా" అని అవ్వ గంప ఎత్తుకుని లోపలికి పోయింది.

రెండోసారి మద్రాసు. అదే గది, అదే తెల్లజుట్టు ఆయన. నన్ను గుర్తుపట్టాడు. ముగింపులు అడుగుతాడని మాటా మాటా కంఠస్థం చేసి వెళ్ళాను. ఆయన అవి అడగలేదు. రొమాంటిసిజం నుంచి నేచురలిజం వైపు రావడంలో మారిందేమిటి, మీ మాటల్లో చెప్పండి అన్నాడు. నా నోట్సులో దానికి పదహారు కారణాలు రాసుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. అవ్వ చెప్పిన రెండు వాక్యాలే వచ్చాయి. తడుముకుంటూ, తప్పుల వ్యాకరణంతో పోర్చుగీసులో చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మీకెవరు చెప్పారిది?" అన్నాడు. మా గురువుగారింట్లో నేర్చుకున్నానన్నాను. ఇంకేమీ అడగలేదు.

పాసయ్యాను. మిల్లువాళ్ళకు సంబంధం వద్దని మా నాన్నే ఉత్తరం రాసి పంపించాడు. ఉత్తర్వులు రాగానే మైపాడు వెళ్ళాను. తాత సంతోషం పట్టలేకపోయాడు. అవ్వ వంజరం పులుసు పెట్టి, నన్ను కూర్చోబెట్టి వడ్డించింది. తాత ఎదురుగా కూర్చుని ప్రతి ప్రశ్నా చెప్పించుకున్నాడు.

"ఏ జవాబుకు మెచ్చుకున్నారు మా?"

అవ్వ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు.

"మీరు చదివి చెప్పిన తీరు బాగుందన్నారు తాతా" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. పంచె సర్దుకుని, ఈ మాట వీధిలో నలుగురికీ చెప్పి రావడానికి లేచాడు. ఉద్యోగం వచ్చిన పూట నాకు ఆయన మీద అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు చెప్పలేకపోయాను. బస్సులు తప్పినందుకు కాదు, పరీక్ష తప్పినందుకు కూడా కాదు. ఏళ్ళ తరబడి వేరే ఇంట్లో ఒకావిడకు ఉన్నది ఉన్నట్టు చదివి, ఈమెకు మాత్రం మంగళాలు చదువుతున్నందుకు.

అవ్వ నా కంచంలో ఇంకో ముక్క వేసి పక్కన కూర్చుంది.

"ఉద్యోగం యాడ?"

"గోవాలోనే అవ్వా. పంజిం."

"అయితే ఆ ఇల్లు చూసిరా. ఆ దొరసానిది."

"చూసి ఉత్తరం రాస్తానవ్వా."

ఆమె వాకిలి వైపు చూసింది. తాత అప్పటికే వీధి మలుపులో ఎవరినో నిలబెట్టి చేతులూపుతూ చెబుతున్నాడు.

"ఉత్తరం రాయబాక మా. రాస్తే చదివి చెప్పేది ఈయనే గదా. నువ్వే వచ్చి చెప్పు."